విడి కిచెన్ లేని హోటల్లో సీలియాక్ ఉన్నవాళ్లు తినొచ్చా?

నీలిమేఘం:
నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సీలియాక్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు. సీలియాక్ ఉన్నవాళ్లు బయట తినాల్సి వస్తే గోధుమ, బార్లీ, రై అడుగుపెట్టని కిచెన్‌లోనే తినాలి. మిగతా చోట్ల ఏదీ ముట్టకూడదు. మెనూలో 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉంది కదా అని ధైర్యం చేయడానికి లేదు. 2019లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. హోటళ్లలో గ్లూటెన్ ఫ్రీ అని చెప్పి పెట్టిన తిండిని జనమే చిన్న పరికరంతో పరీక్షించుకున్నారు. అలాంటి ఫలితాలు ఐదు వేలకు పైగా పోగుచేసి చూస్తే, దాదాపు మూడో వంతులో గ్లూటెన్ కనిపించింది. పిజ్జా, పాస్తాల్లో అయితే సగానికి సగం.

చిరుగాలి:
ఆ అధ్యయనం నేనూ చదివానండీ. మీరు రెండు విషయాలు వదిలేశారు. గ్లూటెన్ ఫ్రీ అనడానికి చాలా దేశాలు పాటించే హద్దు 20 పీపీఎం, అంటే కిలో తిండిలో 20 మిల్లీగ్రాములు. ఆ పరికరం అంతకన్నా తక్కువ ఉన్నా 'ఉంది' అని చూపించగలదు. పైగా ఎవరైనా అనుమానం వచ్చిన ప్లేటునే ఎక్కువగా పరీక్షిస్తారు.

నాకూ సీలియాక్ ఉంది. విడి కిచెన్ ఉంటేనే తినాలంటే చాలామందికి బయట తిండి పూర్తిగా బంద్. స్నేహితులు పిలిస్తే వెళ్లం, ఆఫీసువాళ్లతో కూర్చోం, కొన్నాళ్లకి వాళ్లు పిలవడమే మానేస్తారు. జీవితాంతం ఉండే జబ్బు ఇది. ఆ ఒంటరితనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకో మాట. అన్నిటికీ ఒకేలా భయపడక్కర్లేదు. 2020లో వచ్చిన ఒక ప్రయోగంలో, మామూలు పాస్తా ఉడికిన నీళ్లలోనే గ్లూటెన్ లేని పాస్తా ఉడికిస్తే 20 పీపీఎం దాటింది. ఒకే టోస్టర్‌లో కాల్చిన గ్లూటెన్ లేని బ్రెడ్ మాత్రం దాటలేదు. నేనైతే నీళ్లు, నూనె గురించి గట్టిగా అడుగుతాను. టోస్టర్ గురించి అంత టెన్షన్ పడను.

వంటింటి_గొంతు:
హోటల్ కిచెన్‌లో చాలాకాలం పనిచేశాను, లోపల జరిగేది చెప్తాను. సలాడ్ మీద బ్రెడ్ ముక్కలున్నాయని కస్టమర్ ప్లేటు వెనక్కి పంపిస్తారు. కొత్తది చేసే తీరిక లేక, ఆ ముక్కలు చేత్తో ఏరేసి, పైన రెండు ఆకులు సర్ది అదే ప్లేటు మళ్లీ పంపినవాళ్లని చూశాను. వాళ్లకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. అడుగున రాలిన పొడి కూడా హాని చేస్తుందని వాళ్లకి ఎవరూ నేర్పలేదు, అంతే.

ఫ్రయర్ సంగతీ ఇంతే. బంగాళదుంపలో గ్లూటెన్ లేదు. కానీ పిండిలో ముంచిన చికెన్ వేగిన నూనెలోనే ఫ్రెంచ్ ఫ్రైస్ వేస్తారు. మరిగే నూనెలో అన్నీ చచ్చిపోతాయని తోటివాళ్లు అనేవారు. గ్లూటెన్ క్రిమి కాదు కదా, అదో ప్రోటీన్. వంట వేడికి అది పోదు.

అందరూ ఇలాగే ఉంటారని అనను. శ్రద్ధ ఉన్న షెఫ్ అయితే ఆర్డర్ స్లిప్పు మీద పెద్దగా రాయిస్తారు. చేతులు కడుక్కుని, శుభ్రమైన పెనం, వేరే కత్తి, వేరే బోర్డు తీస్తారు. రద్దీ లేని వేళ వెళ్తే ఇది సవ్యంగా జరిగే అవకాశం ఎక్కువ.

కొత్త_సభ్యుడు:
తినే ముందు గ్లూటెన్‌ని అరిగించే ఎంజైమ్ మాత్ర వేసుకుంటే సరిపోదా?

నీలిమేఘం:
సరిపోదండీ. సీలియాక్‌కి అది రక్షణ అని రుజువు కాలేదు. దాన్ని నమ్ముకుని తినకండి.

చిరుగాలి గారూ, ఒంటరితనం గురించి మీరన్నది కాదనను. కానీ 2007లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం చూడండి. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకున్నవాళ్లలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింది. ఒక గోధుమ బ్రెడ్ ముక్కలో సుమారు రెండు గ్రాములు ఉంటుందనుకుంటే, ఇది అందులో నలభయ్యో వంతు. ప్లేటులో అంత పడితే కంటికి ఆనదు. "తిన్నాక నాకేం కాలేదు" అనే మాట అసలే నమ్మకూడదు. చాలామందికి కడుపునొప్పి, విరేచనాలు ఏమీ లేకుండానే పేగు పాడవుతుంది. రక్తహీనతో, ఎముకలు గుల్లబారడమో బయటపడ్డాక గానీ తెలియదు.

ఇద్దరి_అమ్మ:
మా పెద్దవాడికి సీలియాక్. కాలేజీలో చేరాడు, ఇక వాడి వెంట నేను వెళ్లలేను. వెయిటర్‌కి 'సీలియాక్' అంటే అర్థం కావట్లేదట, 'అలర్జీ' అంటే వెంటనే పట్టించుకుంటున్నారట. అలా చెప్పడం తప్పా?

వంటింటి_గొంతు:
చెప్పమనండి, అమ్మా. వైద్యపరంగా అది అలర్జీ కాదు, నిజమే. కానీ ఆ మాట వింటేనే కిచెన్‌లో అందరూ అప్రమత్తమవుతారు. 'డైట్‌లో ఉన్నాను' అని మాత్రం అననివ్వకండి. ఇష్టం కొద్దీ మానేశారనుకుని పట్టించుకోరు.

చిరుగాలి:
అమ్మ గారూ, మీ అబ్బాయి వెళ్లే ముందు ఫోన్ చేయడం అలవాటు చేసుకుంటే మంచిది. 'మీ దగ్గర గ్లూటెన్ ఫ్రీ ఉందా' అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. 'ఈ ఫ్రైస్ వేయించే నూనెలో ఇంకేం వేయిస్తారు? సూప్ చిక్కబడటానికి ఏం కలుపుతారు? సాస్‌లో సోయా సాస్ ఉందా?' అని అడగాలి. సోయా సాస్‌లో తరచుగా గోధుమ ఉంటుంది. ఆగి, లోపలికెళ్లి కనుక్కుని వచ్చి చెప్పినవాళ్ల దగ్గర నేను తింటాను. ఆలోచించకుండా 'ఏం పర్లేదు' అన్న చోట లేచి వచ్చేస్తాను.

ఒంట్లో సీలియాక్ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే టీటీజీ రక్తపరీక్ష డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించుకుంటాను. నార్మల్ వచ్చినా పేగు పూర్తిగా మానిందని గ్యారంటీ లేదని తెలుసు. నీలిమేఘం గారు ఆ మాట అనేలోపే చెప్తున్నాను. అయినా స్నేహితులతో బయటికి వెళ్లడం మాత్రం మానను.