నడుముకి మత్తు సూది వేస్తే వెన్నుపాముకి తగులుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గోదారి పిల్ల: వచ్చే నెల సిజేరియన్ అన్నారు. నడుముకి సూది వేస్తే వెన్నుపాముకి గుచ్చుకుంటుందని మా అత్తగారు ఒకటే భయపడుతున్నారు. వేయించుకున్నవాళ్లు చెప్పండక్కా.

ఫిజియో విద్యార్థి: అక్కా, సూది దిగే చోట వెన్నుపామే ఉండదు. పెద్దవాళ్లలో అది నడుము మొదటి, రెండో పూసల దగ్గరే అయిపోతుంది. పుట్టిన బిడ్డకి మూడో పూస దాకా ఉంటుంది గానీ, ఎముక ఎదిగినంతగా పాము ఎదగదు. అందుకే కింది నరాలు తమ తమ రంధ్రాల దాకా వేలాడుతూ దిగుతాయి, మొత్తం పది జతలు. డిసెక్షన్ హాల్లో మా సార్ పొర కోసి విప్పితే తడిసిన తెల్ల నూలుపోగుల్లా విడిపోయాయి. ఈ నరాల గుత్తినే కాడా ఈక్వినా అంటారు, అంటే లాటిన్‌లో గుర్రపు తోక. మధ్యలో ఇంకో సన్నటి దారం ఉంది. అది నరం కాదు, పాము కొసని తోకెముకకి కట్టి ఉంచేది. సూది మూడు-నాలుగు పూసల మధ్యో, నాలుగు-ఐదు మధ్యో వేస్తారు. అక్కడ పొర లోపలి నీళ్లలో తేలే ఈ నరాల పోగులు చాలావరకు పక్కకి జరుగుతాయి.

బెజవాడ వదిన: నాకు రెండు కాన్పులకీ వేశారు. కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి "రొయ్యలా వంగమ్మా" అన్నారు. తుంటి ఎముకల పైఅంచులు పట్టుకుని వేలితో పూసలు వెతికారు. రెండోసారి కుడికాలు ఒక్కసారిగా జివ్వుమంది. చెప్పగానే ఆపి, సూది మార్చి వేశారు. అలా అనిపిస్తే ఓర్చుకోకు తల్లీ, వెంటనే చెప్పు.

కరీంనగర్ అన్న: నాది వేరే కథ. నాలుగు-ఐదు పూసల నడుమ డిస్కు జారింది. ముందుగాల ఎడమకాలే గుంజేది. ఒకరోజు రెండు కాళ్లూ గుంజినయ్. బండి సీటు మీద కూసుంటే కింద ఏం తెలుస్తలేదు. కడుక్కుంటే చెయ్యి తగిలినట్టే లేదు. పొద్దంతా ఒంటికి రాలే. దగ్గరి దవాఖానల నొప్పి గోలీలిచ్చి పంపిండ్రు. మా తమ్ముడు పట్నం తీస్కపోతే ఎమ్మారై తీసి అదే రాత్రి ఆపరేషన్ చేసిండ్రు. కాళ్లు మంచిగైనయ్. ఒంటికి మాత్రం ఇప్పటికీ టైం పెట్టుకొని పోవాలె.

ఫిజియో విద్యార్థి: అన్నా, ఇది అందరూ చదవాలి. మూత్రం, విరేచనం, కూర్చునే చోటి స్పర్శ త్రికం (నడుము పూసల కింద, తోకెముకకి పైనుండే ఎముక) నరాలవి. ఆ తోకలో నడిమధ్యన ఉండేవి అవే. డిస్కు మధ్యకి ఉబ్బిందంటే అవి నలుగుతాయి. ఒక కాలి నొప్పి వేరు, ఇది వేరు. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకే వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

గోదారి పిల్ల: అత్తగారికి అంతా చదివి వినిపించాను, కాస్త కుదుటపడ్డారు. మా నాన్న వారం నుంచి రెండు కాళ్లూ తిమ్మిరంటున్నారు. యూరిన్ సంగతి ఎవరం అడగలేదు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.