అగావ్ అంటే అమ్హారిక్‌లో ఒక యాసా, వేరే భాషా?

బీచ్‌రోడ్ రీడర్:
ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఇథియోపియా అతను ఒకాయన మా మెస్‌లో పరిచయం అయ్యాడు. మీది అమ్హారిక్ కదా అంటే, అది అందరితో మాట్లాడేది, ఇంట్లో మాత్రం అవ్‌ఙి, మేం అగావ్‌లం, మా ఊరు ఇంజిబారా అన్నాడు. నెట్‌లో చూస్తే ఒకచోట అగావ్ ఒకటే భాష అని, ఇంకోచోట నాలుగైదు అని ఉంది. అసలు సంగతేంటో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

మాటలమూట:
యాస కానే కాదండి, కుదురే వేరు. అమ్హారిక్ సెమిటిక్, అంటే అరబిక్, హీబ్రూల చుట్టం. అగావ్ భాషలు కుషిటిక్, సోమాలి, ఒరోమోల వైపు. ఇప్పుడు బతికున్నవి బ్లిన్ (ఎరిట్రియాలో కెరెన్ చుట్టుపక్కల), ఖంతంగ (వాగ్ ప్రాంతం, సెకోటా వైపు), మీ ఫ్రెండ్ వాళ్ళ అవ్‌ఙి, ఇక గోండర్ దగ్గర కెమాంత్ కొనఊపిరితో ఉంది. బ్లిన్ వాళ్ళకి అవ్‌ఙి అర్థం కాదు, కాబట్టి ఒకటే భాష అనడం తప్పు. నన్ను పట్టేసిన విషయం ఇంకోటుంది, ఇథియోపియా పాత భాష గీజ్‌లో క్రియ మామూలుగా వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది, అమ్హారిక్‌లో మాత్రం మన తెలుగులాగే చివర్న వస్తుంది, ఇది అగావ్ లాంటి కుషిటిక్ భాషల ప్రభావమే అని చాలామంది పండితుల మాట. అంటే అగావ్ వాళ్ళు భాష మార్చుకున్నా తమ వాక్యాన్ని మాత్రం వదల్లేదన్నమాట!

బహిర్‌దార్ మాస్టారు:
నేను బహిర్‌దార్‌లో మూడేళ్ళు పాఠాలు చెప్పాను, ఇంజిబారా అక్కణ్ణుంచి రాజధాని అడిస్ అబాబా వెళ్ళే రోడ్డు మీదే. ఇంజిబారా ఉన్న ఆవీ జోన్‌లో చిన్న క్లాసులు అవ్‌ఙిలోనే చెప్తారు, గీజ్ లిపిలో రాస్తారు. జనవరి చివర్లో అక్కడ గుర్రాల పండగ, అడ్వా యుద్ధంలో (1896) ఇటలీ మీద గెలుపుని తలుచుకుంటూ గుర్రాల్ని ముస్తాబు చేసి వస్తారు, చూడాల్సిందే. ఇంకోటి, అవ్‌ఙిలో ఆ ఙ మనం బళ్ళో క ఖ గ ఘ తర్వాత చదివి మర్చిపోయిన అక్షరమే, వాళ్ళకది రోజూ నోట్లో ఆడే శబ్దం.

కొండదారి:
చరిత్ర వదిలేశారు కదా గురువుగారూ. ఇథియోపియాలో లాలిబెలా అనే ఊళ్ళో రాతిని తొలిచి కట్టిన 11 చర్చిలు జాగ్వే రాజుల కాలానివి, ఆ వంశం అగావ్‌దే, 1270లో అమ్హారా రాజు యెకునో అమ్లాక్ చేతిలో రాజ్యం పోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో వినపడేది అమ్హారిక్. ఇజ్రాయెల్ వెళ్ళిపోయిన ఇథియోపియా యూదుల పూర్వీకులూ అగావ్ భాషే మాట్లాడేవాళ్ళు, వాళ్ళ పాత ప్రార్థనల్లో ఆ మాటలు మిగిలాయి. కెమాంత్ సంగతి తల్చుకుంటేనే బాధేస్తుంది, 1994 లెక్కల్లో ఆ జనం 1.7 లక్షల పైన, సొంత భాషగా మాట్లాడేవాళ్ళు మాత్రం 2 వేలు కూడా లేరు. చెట్ల తోపుల్లో పూజలు చేసుకునే వాళ్ళ పాత మతం, దానికి పెద్దగా ఉండే వంబర్, ఇవి కూడా భాషతోపాటే పల్చబడిపోయాయి.

బీచ్‌రోడ్ రీడర్:
అందరికీ చాలా థాంక్స్. ఇన్నాళ్ళూ అతని భాష పేరు "అవంగి" అని పలుకుతున్నా, అతనేమో ఏమీ అనకుండా ఊరుకున్నాడు. రేపు మెస్‌లో ఆ ఙ అతని దగ్గరే సరిగ్గా నేర్చుకుంటా.