గ్లాస్ ఆర్‌పీసీ స్టాక్ కడుతున్నాం, ఏ పని ముందు చేయాలి?

నమస్కారం అండీ. విశాఖలో మా కాలేజీ ల్యాబ్‌లో కాస్మిక్ మ్యూయాన్ల (ఆకాశం నుంచి వచ్చే కణాల) కోసం గ్లాస్ ఆర్‌పీసీల స్టాక్ ఒకటి ప్లాన్ చేస్తున్నాం. ఆర్‌పీసీ అంటే రెసిస్టివ్ ప్లేట్ చాంబర్, రెండు అద్దాల మధ్య గ్యాస్ నింపి హైవోల్టేజీ పెట్టి కణాలను గుర్తించే డిటెక్టర్. మధురైలో ఉన్న 85 టన్నుల మినీ-ఐకాల్ అనే అయస్కాంత డిటెక్టర్‌లో 2 మీటర్ల ఆర్‌పీసీలు పది పొరలుగా ఉంటాయి కదా, మావి అర మీటరువే, అయస్కాంతం లేదు, కానీ తయారీ పద్ధతి అదే: 3 మి.మీ. అద్దాలు రెండు, మధ్యలో 2 మి.మీ. ఖాళీ, ఆ ఖాళీ నిలవడానికి పాలికార్బొనేట్ బటన్లు, బయటివైపు హైవోల్టేజీ అద్దమంతా పరుచుకోవడానికి గ్రాఫైట్ పెయింట్.

పెయింట్ దగ్గరే అసలు టెన్షన్. స్ప్రే గన్‌తో కొట్టిన నమూనా అద్దం మీద ఉపరితల నిరోధం మధ్యలో చదరానికి 1 మెగాఓమ్ వస్తోంది, అంచుల్లో దానికి మూడింతలు చూపిస్తోంది. ఎంత తేడా వరకు పర్వాలేదు?

లీక్ టెస్ట్ నీళ్ల మానోమీటర్‌తో (నీటి మట్టం తేడాతో ప్రెషర్ కొలిచే గొట్టం) చేద్దామనుకుంటున్నాం, ప్రెషర్ ఎక్కువైతే లోపల బటన్ల అతుకు ఊడుతుంది కాబట్టి ఎన్ని మి.మీ. నీటి మట్టం దగ్గర ఆపాలో, ఎంతసేపు చూడాలో చేసినవాళ్లు చెబితే బాగుంటుంది. పెయింట్ వేశాక టెస్ట్ చేయాలా, ముందే చేయాలా?

ఇంకోటి, ఇక్కడి గాలిలో తేమ. 10 కిలోవోల్టుల దగ్గర అద్దం అంచుల మీదుగా కరెంట్ పాకకుండా ఏం పూస్తున్నారు? గ్యాస్‌లో ఐసోబ్యూటేన్ 4.5 శాతమే అయినా సిలిండర్ మాత్రం మండేదే, పిల్లలు తిరిగే ల్యాబ్ అది, బయట షెడ్డులో పెట్టి పైపు లాగితే చాలా?

అన్ని పలకలూ ర్యాక్‌లో ఎక్కించాక టెస్ట్ చేయడం కంటే ఒక్కోదాన్నీ ముందే కొన్నాళ్లు హైవోల్టేజీ మీద ఉంచి చూడటమే మంచిదని నా అభిప్రాయం. ఎన్ని రోజులు ఉంచాలి?