బ్యారేజీ ఎగువన అరుదైన సీగల్: ఇది స్లెండర్ బిల్డ్ గలేనా?

ప్రశ్న (కృష్ణలంక వాసి):
ఆదివారం ఉదయం ఏడున్నర ప్రాంతంలో విజయవాడ దుర్గా ఘాట్ మెట్ల మీద నిలబడి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీటిపై వాలిన సీగల్ గుంపును చూశాను. ఎవరో మరమరాలు చల్లుతుండడంతో పక్షులు బాగా దగ్గరికి వచ్చాయి. అన్నీ ఏటా శీతాకాలంలో కనిపించే బ్రౌన్ హెడెడ్ గల్‌లే అనుకున్నాను గానీ, ఒకదాని కన్ను లేత పసుపుగా, ముక్కు కాస్త పొడవుగా తోచింది. చెవి దగ్గర ఉండవలసిన నల్లమచ్చ కూడా వెలిసిపోయినట్లుంది. ఇది స్లెండర్ బిల్డ్ గల్ అయ్యే అవకాశం ఉందా? మూడు ఫొటోలు జతచేశాను.

జవాబు (పాత నోట్‌బుక్):
కన్నును బట్టి తేల్చకండి. ఎదిగిన బ్రౌన్ హెడెడ్ గల్‌కు కూడా కన్ను లేతగానే ఉంటుంది. ముదురు కన్ను బ్లాక్ హెడెడ్ గల్‌ది. చూడవలసింది రెక్క కొన. బ్రౌన్ హెడెడ్‌కు కొన వెడల్పుగా నల్లగా ఉండి, అందులో తెల్లని మచ్చలు కనిపిస్తాయి. స్లెండర్ బిల్డ్‌కు రెక్క ముందంచున పొడవాటి తెల్లని చీలిక ఉంటుంది, నలుపు వెనుక అంచుకే పరిమితమవుతుంది. మీ మొదటి రెండు ఫొటోల్లోనూ పక్షి రెక్కలు ముడుచుకుని ఉంది కనుక ఏమీ చెప్పలేము.

జవాబు (కరకట్ట నడక):
విజయవాడ ఒడ్డు నుంచి ఈ నెలల్లో సూర్యుడు ఎదురుగా పడతాడు, తెల్లటి పక్షులు నల్లని నీడల్లా కనిపిస్తాయి. ఉండవల్లి కరకట్ట వైపు నుంచి చూస్తే వెలుతురు మీ వెనుక ఉంటుంది. మరమరాల సంగతి మాత్రం నాకు నచ్చదు. అవి ఆ పక్షుల తిండి కాదు.

కృష్ణలంక వాసి:
ఈ రోజు అదే పక్షి ఎగురుతుండగా ఫొటో దొరికింది. రెక్క కొన నల్లగా, అందులో రెండు తెల్లని మచ్చలు. అంటే బ్రౌన్ హెడెడ్ గలే. కొంచెం నిరాశగానే ఉంది.

జవాబు (పాత నోట్‌బుక్):
నిరాశపడకండి, మీ మొదటి ప్రశ్నలోని మూడో ఫొటోను మరోసారి పెద్దది చేసి చూడండి. కుడి మూలన, ఇసుక మేట అంచున ఒంటరిగా నిలబడిన పక్షి పక్కవాటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దది. నుదురు ఏటవాలుగా ఉంది, పసుపు ముక్కుకు చివర నల్లని పట్టీ ఉంది, కంటి వెనుక మసి పూసినట్లుంది, కంటికి పైనా కిందా తెల్లని అరచంద్రాలు కూడా కనిపిస్తున్నాయి. ఇది పల్లాస్ గల్ అని నా అభిప్రాయం. సముద్రతీరానికి ఇది కొత్త కాదు, కానీ ఇంత లోపల, ఊరి నడుమ, నేను ఎదురుచూడని పక్షి. స్పష్టమైన ఫొటో లేకుండా పక్షుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో నమోదు చేయవద్దు. అక్కడ నమోదులను సరిచూసేవారు తప్పకుండా ఫొటో అడుగుతారు.

కృష్ణలంక వాసి:
దాన్ని చూడనే లేదు, మెట్ల దగ్గరి పక్షినే చూస్తూ ఉండిపోయాను! రేపు తెల్లవారుజామున కరకట్ట మీదికి వెళుతున్నాను.