మార్క్ 2 అంబాసిడర్‌కు కాంటెస్సా వెనుక ఇరుసు: 60 దాటితే వణుకు

గోదావరి గట్టు:
మాది 1972 మార్క్ 2 అంబాసిడర్, 1489 సీసీ పాత పెట్రోలు ఇంజనే. నాన్నగారి కారు. రెండేళ్లుగా వెనుక నుంచి ఒకటే ఏడుపు. విప్పి చూస్తే క్రౌన్ (ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ల చక్రం) పళ్లు రెండు చిట్లి ఉన్నాయి. షెడ్డు మేస్త్రి పాత సామాన్ల దుకాణం నుంచి కాంటెస్సా ఇరుసు తెచ్చి, దాని స్ప్రింగు బ్రాకెట్లు కోసేసి, కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కూర్చునే కొత్త సీట్లు వెల్డింగు చేసి ఒక్క రోజులో ఎక్కించారు. ఏడుపు పోయింది. కానీ 60 దాటగానే సీటు కింద వణుకు మొదలవుతోంది. ఫోనులో 80 చూపుతుంటే మీటరు ముల్లు 70 కూడా అందుకోవడం లేదు. టైర్లు బ్యాలెన్సింగ్ చేయించాను, మార్పు లేదు. ఇరుసు మళ్లీ దింపాలా?

పాత పానా:
దింపకండి. ముందు కొలవండి. నా అనుమానం ఆ వెల్డింగు మీదే.

కాంటెస్సాకు వెనుక కమాన్లు లేవు. వాక్స్‌హాల్ వీఎక్స్ నుంచి వచ్చిన బండి కాబట్టి చుట్ట స్ప్రింగులు, లింకు కడ్డీలు. అందుకే దాని హౌసింగ్ (ఇరుసు బయటి గొట్టం) మీద కమాను కూర్చునే సీట్లు ఉండవు, కొత్తవి అతకాల్సిందే. ఆ సీటు ఏ వాలులో అతికితే పినియన్ ముక్కు (ఇరుసుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ తగులుకునే చోటు) ఆ వాలులో నిలబడుతుంది. కంటి అంచనాతో అతికితే వచ్చే జబ్బే మీది.

గేరుబాక్సు తోక ఎన్ని డిగ్రీలు కిందికి వాలిందో పినియన్ ముక్కు దాదాపు అన్ని డిగ్రీలు పైకి చూడాలి. అప్పుడే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి ఇరుసును తిప్పే పొడుగు కడ్డీ) ముందు జాయింటు పుట్టించే ఊపును వెనుక జాయింటు చంపేస్తుంది. కమాన్ల బండిలో ముక్కును ఇంకో డిగ్రీ కిందికి ఉంచడం మంచిది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాను మెలి తిరిగి ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది.

కొలిచేటప్పుడు కారు చక్రాల మీదే నిలబడి ఉండాలి. ఛాసీస్ కింద జాకీ పెట్టి ఇరుసు వేలాడుతుండగా కొలిచి, ఆ అంకెతో వారం రోజులు కొట్టుకున్నవాణ్ణి నేను. మెకానిక్ గుంత ఉంటే పని సులువు.

కమాన్ కట్ట:
పానా గారి మాటకు ఒక చేర్పు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి పొట్టి చేశారా? చేస్తే రెండు చివర్ల ఫోర్కులూ (జాయింటును పట్టే కొమ్ములు) ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి పక్కకు తిరిగి ఉంటే కోణం ఎంత సరిచేసినా వణుకు పోదు. జారే భాగం గేరుబాక్సులోకి పూర్తిగా దిగకుండా కనీసం అంగుళం ఖాళీ ఉండాలి, లేదంటే పెద్ద గుంతలో పడినప్పుడు గుద్దుకుంటుంది.

నా మటుకు నేనైతే పాత ఇరుసునే బాగు చేయించేవాణ్ణి. అంబాసిడర్ హౌసింగ్ ముందు వైపు నట్లు విప్పి, చక్రాల షాఫ్టులు బయటికి లాగితే డిఫరెన్షియల్ ముద్ద (క్రౌన్, పినియన్ పళ్లున్న భాగం) మొత్తం చేతికొస్తుంది. చక్రాల షాఫ్టుల చివరి గాడులు కలిసే ఇంకో ముద్ద దొరికితే వెల్డింగు ఊసే ఉండదు.

గోదావరి గట్టు:
పాత హౌసింగ్ దాచి ఉంచానండీ, పారేయలేదు. షాఫ్ట్‌ను మాత్రం కోశారు. ఫోర్కులు వరుసలోనే ఉన్నాయి. మరి మీటరు సంగతి?

పాత పానా:
అది జబ్బు కాదు, లెక్క. మీటరు తీగ గేరుబాక్సు తోక నుంచి వస్తుంది, ఇరుసులో పళ్ల నిష్పత్తి మారిందని దానికి తెలియదు. ఒక వెనుక చక్రం మాత్రమే ఎత్తి, రెండోది నేల మీదే ఉంచి, ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఎత్తిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. సుద్దముక్కతో గీత పెట్టుకుంటే తప్పు పోదు. పాత ముద్ద బయటే ఉంది కాబట్టి పళ్లు లెక్కపెట్టండి.

గోదావరి గట్టు:
పాతది 41కి 9. కొత్తది సుద్ద గీత ప్రకారం 3.9 దగ్గర.

పాత పానా:
41ని 9తో భాగిస్తే 4.55. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, టాప్ గేరులో 80 మీద ఇంజను నిమిషానికి ఇదివరకు 3,000 పైన తిరిగేది, ఇప్పుడు 2,600. హైవే మీద హాయి. నిండా జనంతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ముందే గేరు దించాలి. మీటరు అసలు వేగంలో సుమారు 86 శాతమే చూపుతుంది.

వేగం కంటే నాకు బ్రేకుల గురించే ఎక్కువ దిగులు. కాంటెస్సా వెనుక డ్రమ్ములు ఆ బండి ముందు బ్రేకులకు తగినట్లు చేసినవి. మీ మార్క్ 2కు ముందూ డ్రమ్ములే. వెనుక వీల్ సిలిండర్ల (డ్రమ్ములో బ్రేకు లైనర్లను నెట్టేవి) కొలత పాతవాటితో పోల్చండి. ఖాళీ మట్టి నేల మీద 20 వేగంలో బ్రేకు గట్టిగా తొక్కండి. వెనుక చక్రాలు ముందే బిగుసుకుని జారితే, సరిచేసేదాకా బండి ఊరు దాటకూడదు.

గోదావరి గట్టు (పది రోజుల తర్వాత):
కొలిచాను. గేరుబాక్సు తోక 3 డిగ్రీలు కిందికి, ముక్కు 6 డిగ్రీలు పైకి. మీరు చెప్పిన లెక్కకు ముక్కు 4 డిగ్రీలు దిగాలి. లేతు షాపులో 4 డిగ్రీల ఉక్కు చీలికలు (ఒక వైపు దళసరి, ఒక వైపు పలచన) రెండు చేయించి కమానుకూ సీటుకూ మధ్య పెట్టించాను. మొదటిసారి మేస్త్రి దళసరి వైపు తిప్పి పెట్టారు, వణుకు రెట్టింపయ్యింది! తిప్పి బిగించాక 90 దాకా నిశ్శబ్దం. బ్రేకు పరీక్షలో ముందు చక్రాలే ముందు ఆగాయి. నాన్నగారు డ్యాష్‌బోర్డు మీద చీటీ అంటించారు: ముల్లు 51 అంటే 60, 69 అంటే 80.

కమాన్ కట్ట:
సెంటర్ బోల్టు (కమాను పట్టీలను కలిపి పట్టేది) పొడుగుది వేశారా? చీలిక మందానికి దాని తల సీటు రంధ్రంలో కూర్చోకపోతే ఇరుసు పక్కకు జరుగుతుంది. యూ బోల్టులు (కమానును ఇరుసుకు బిగించేవి) కొత్తవి వేసి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి.

పాత పానా:
ఆ చీటీ కిందే ఇంకోటి అంటించమనండి: మీటరు 4,300 కిలోమీటర్లు చూపితే బండి 5,000 తిరిగినట్లు, ఇంజను ఆయిలు మార్చాలి.