పెర్ఫార్మెన్స్ బేస్డ్ కాంట్రాక్ట్ అంటే పాత మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి పెనాల్టీ తగిలించడమేనా?

కొత్తగా_కాంట్రాక్ట్స్‌లో:

అందరికీ నమస్తే. ఇన్నేళ్లూ నేను స్టోర్స్ కొనుగోళ్లు చూశాను. ఇన్ని బేరింగులు, ఇన్ని ఫిల్టర్లు, రేటు ఇంత, ఫలానా తేదీలోపు డెలివరీ. సరుకు వచ్చాక ఇన్‌స్పెక్షన్, పాసైతే బిల్లు. చేయి తిరిగిన పని. రెండు నెలల కిందట నన్ను మిలిటరీ వాహనాల మెయింటెనెన్స్ కాంట్రాక్టులు చూసే విభాగంలోకి మార్చారు. ఇక్కడ ఎవరిని కదిపినా పెర్ఫార్మెన్స్ బేస్డ్ అంటారు, పీబీఎల్ (పెర్ఫార్మెన్స్ బేస్డ్ లాజిస్టిక్స్) అంటారు, పార్టులు కాదు ఫలితం కొనాలి అంటారు. వినడానికి బాగానే ఉంది కానీ దాన్ని కాగితం మీద ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నా టేబుల్ మీద ఒక డ్రాఫ్ట్ ఉంది. 20 రికవరీ వాహనాలు (పాడైన బండ్లని లాక్కొచ్చేవి), ‘నెలకి 90 శాతం అవైలబిలిటీ ఉండాలి, తగ్గితే బిల్లులో కోత’ అని ఒకే ఒక్క లైను (అవైలబిలిటీ అంటే వాహనం వాడకానికి సిద్ధంగా ఉండటం). దాని వెనకాల పాత కాంట్రాక్టులోంచి తెచ్చి అతికించిన 40 పేజీలు: ఆయిల్ ఎన్ని గంటలకోసారి మార్చాలి, షెడ్డులో ఎంతమంది మెకానిక్కులు ఉండాలి, రోజూ ఏ రిజిస్టర్ రాయాలి, అన్నీ యథాతథంగా. ఇది నిజంగా పెర్ఫార్మెన్స్ కాంట్రాక్టేనా? ఇంకో సందేహం, ఇది ఫిక్స్‌డ్ ప్రైస్, కాస్ట్ ప్లస్ (అయిన ఖర్చు మీద ఫీజు కలిపి ఇవ్వడం) లాగా ఒక కాంట్రాక్ట్ రకమా? వచ్చే వారం రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది. అ ఆల నుంచి చెప్పినా చదువుతాను.

టెండర్_పాతకాపు:

ముందు రెండో ప్రశ్న, ఎందుకంటే అది చిన్నది. రకం కాదు. ఫిక్స్‌డ్ ప్రైస్, కాస్ట్ ప్లస్ అనేవి డబ్బు ఎలా లెక్కకట్టి ఇస్తామో చెబుతాయి, పెర్ఫార్మెన్స్ బేస్డ్ అనేది పనిని ఎలా రాస్తామో చెబుతుంది. అందుకని ఫిక్స్‌డ్ ప్రైస్‌లోనూ రాయొచ్చు, కాస్ట్ ప్లస్‌లోనూ రాయొచ్చు. అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలైన ఫార్‌లో 37వ భాగం సర్వీస్ కాంట్రాక్టుల గురించి. ఏది ముందు ఎంచుకోవాలో అందులో వరస ఇచ్చారు: మొదట ఫర్మ్ ఫిక్స్‌డ్ ప్రైస్‌తో పెర్ఫార్మెన్స్ బేస్డ్, కుదరకపోతే వేరే ధర పద్ధతితో పెర్ఫార్మెన్స్ బేస్డ్, అదీ కుదరకపోతేనే మామూలుది. అంటే ఈ రెండూ వేర్వేరు సంగతులని అక్కడే తెలుస్తోంది.

ఇక మీ 40 పేజీలు. అసలు చిక్కు అక్కడే ఉంది. పని ఎలా చెయ్యాలో, ఎన్ని గంటలు చెయ్యాలో కాదు, ఏ ఫలితం రావాలో రాయాలి, ఈ పద్ధతికి పునాది అదొక్కటే. మీరు ఆయిల్ ఎప్పుడు మార్చాలో, ఎంతమందిని పెట్టాలో చెప్పాక వాహనం ఆగిపోయిందనుకోండి, వెండర్ ఏమంటాడు? ‘మీరు రాసింది రాసినట్టు చేశాను, రిజిస్టర్ చూసుకోండి’ అంటాడు, అతని మాటలో తప్పు లేదు. పద్ధతి మీది, ఫలితం బాధ్యత అతనిది అంటే ఏ మధ్యవర్తి ముందూ నిలబడదు. ఆ పేజీల్లో భద్రత, పర్యావరణం, తయారీదారు తప్పనిసరి అన్న చెక్‌లు, కాన్ఫిగరేషన్ మార్చకూడదన్న నియమం, ఇవి మాత్రం ఉంచండి. మిగతావి తీసేయండి. చెయ్యి వణుకుతుంది, మాకూ వణికింది, అయినా తీసేయాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1962లో బ్రిస్టల్ సిడ్లీ అనే బ్రిటిష్ ఇంజిన్ కంపెనీ తన వైపర్ ఇంజిన్‌కి ‘గంటకింత’ అని రేటు పెట్టింది, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగితే అంత డబ్బు. తర్వాత ఆ కంపెనీ రోల్స్ రాయిస్‌లో కలిసిపోయింది, పద్ధతి మిగిలింది. ఎందుకు మిగిలిందో చూడండి. పాత పద్ధతిలో పార్టు ఎన్నిసార్లు పాడైతే అన్నిసార్లు వెండర్‌కి అమ్మకం. గంటకింత అనేసరికి ప్రతి రిపేరూ అతని జేబులోంచి పోతుంది, కాబట్టి పాడవని పార్టు పెట్టడం అతనికే లాభం. మన అవసరం, అతని లాభం ఒకే దిక్కుకి తిరగాలి. అది జరగని కాంట్రాక్టుకి ఏ పేరు పెట్టినా ఒకటే.

షెడ్‌_ఫ్లోర్_నుంచి:

నేను కాంట్రాక్ట్స్ మనిషిని కాదు, మెయింటెనెన్స్ వైపు. పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను కానీ మీ డ్రాఫ్టులోని ఆ ఒక్క లైనే నాకు భయం పుట్టిస్తోంది. 90 శాతం అవైలబిలిటీ అని రాశారు, దేన్ని దేంతో భాగించాలో రాశారా?

మీ లెక్కే తీసుకుందాం. 20 వాహనాలు, 30 రోజుల నెల, మొత్తం 600 వాహన దినాలు. అందులో 90 దినాలు వాహనాలు షెడ్డులో పడి ఉన్నాయి. 510ని 600తో భాగిస్తే 85 శాతం, కోత పడాలి. ఇప్పుడు వెండర్ వచ్చి ‘ఆ 90లో 40 దినాలు మీరు ఇవ్వాల్సిన గేర్‌బాక్స్ రానందుకే ఆగాయి, అవి నా లెక్కలోవి కావు’ అంటాడు. ఆ 40ని ఆగిన దినాల్లోంచీ, మొత్తం 600లోంచీ తీసేస్తే 510 బై 560, అంటే 91 దాటింది, బిల్లు పూర్తిగా ఇవ్వాలి. వాహనాలు అవే, నెల అదే. అడుగున ఉన్న సంఖ్య మారింది, అంతే. మేం ఒక జనరేటర్ సెట్ల కాంట్రాక్టులో సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాం, ఎవరి లాగ్‌బుక్ సరైనదన్న మాట తేలడానికే ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ అటు బిల్లులు ఆగిపోయాయి, ఇటు వాళ్లు మనుషుల్ని తగ్గించేశారు, చివరికి ఫీల్డులో ఉన్న కుర్రాళ్లు టార్చిలైటు వెలుగులో పని చేసుకోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని గడియారం ఎప్పుడు మొదలవుతుందో రాయండి. డ్రైవర్ ఫాల్ట్ రాసినప్పుడా, వెండర్ ఫోన్ ఎత్తినప్పుడా, వాహనం షెడ్డులోకి వచ్చినప్పుడా? ఎప్పుడు ఆగుతుంది, అతను రెడీ అన్నప్పుడా, మన మనిషి టెస్ట్ డ్రైవ్ చేసి సంతకం పెట్టినప్పుడా? మన సంతకం కోసం రెండు రోజులు ఆగితే ఆ రెండు రోజులు ఎవరివి? ఒక వాహనంలోంచి పార్టు ఊడదీసి ఇంకోదానికి పెడితే అది లెక్కలోకి వస్తుందా? దీన్ని మా దగ్గర కానిబలైజేషన్ అంటాం, పైకి శాతం బాగానే కనిపిస్తుంది, మూల మీద మాత్రం ఒక వాహనం అస్థిపంజరంలా మిగులుతుంది.

సగటు కూడా మోసం చేస్తుంది. నెల సగటు 90 ఉండి కూడా ఎక్సర్‌సైజ్ రోజున 20లో 12 మాత్రమే కదలొచ్చు. ఏ రోజూ ఇన్నింటికి తగ్గకూడదు అన్న మాట విడిగా ఉండాలి.

వెండర్_వైపు_మాట:

అవతలి గట్టు నుంచి నేను కూడా కొంచెం చెబుతాను, బిడ్ వేసే పక్క 11 ఏళ్లు చేశాను.

మొదటి సంగతి, కాలం. ఒక ఏడాది కాంట్రాక్టులో ఎవ్వరూ మంచి పార్టు మీద డబ్బు పెట్టరు, ఎందుకంటే ఆ పెట్టుబడి తిరిగి వచ్చేలోపు కాంట్రాక్ట్ అయిపోతుంది. బ్రిటన్ తన టోర్నడో విమానాలకి 2006లో బీఏఈ సిస్టమ్స్‌తో చేసుకున్న అవైలబిలిటీ కాంట్రాక్ట్ 10 ఏళ్లది. భారత్ 2016లో ఫ్రాన్స్‌తో 36 రఫేల్ విమానాలకి కుదుర్చుకున్న ఒప్పందంలో కూడా కనీసం 75 శాతం విమానాలు సిద్ధంగా ఉండాలన్న పీబీఎల్ షరతు 5 ఏళ్లకి పెట్టారు. మీ డ్రాఫ్టులో కాలం ఎంత? ఏడాది, పొడిగిస్తే ఇంకో ఏడాది అని ఉంటే దాన్ని పెర్ఫార్మెన్స్ బేస్డ్ అనకపోవడమే మేలు.

రెండోది, ఆ 90 ఎక్కడి నుంచి వచ్చింది? ఈరోజు ఆ వాహనాల అవైలబిలిటీ ఎంతో మీ దగ్గర రికార్డు ఉందా? మాకు ఆ డేటా ఇవ్వకపోతే మేం చీకట్లో రాయి వేస్తాం, భయానికి కూడా రేటు కడతాం, ఆ భారం మీ మీదే పడుతుంది. 72 దగ్గర ఉన్న ఫ్లీటుని మొదటి నెలలోనే 90 చెయ్యమంటే నిజాయితీగా లెక్కేసుకునేవాడు బిడ్ వెయ్యడు, తర్వాత చూసుకుందాం అనుకునేవాడు వేస్తాడు. మొదటి ఆరు నెలలు మెట్లు మెట్లుగా పెంచండి. వాడకానికి కూడా హద్దు రాయండి, ఏడాదికి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఈ రేటు, దాటితే వేరే రేటు అని. లేకపోతే మీరు ఒక్కసారిగా వాడకం రెట్టింపు చేసిన నెల మాకూ మీకూ గొడవే.

మూడోది ఎవరూ బయటికి చెప్పరు. కోతకి గరిష్ఠ పరిమితి పెడతారు కదా, పెట్టాలి, లేకపోతే ఎవరూ రారు. కానీ ఏడాది మొత్తానికి ఒకే పరిమితి పెట్టారనుకోండి, నాలుగో నెలకే అది నిండిపోతే మిగతా ఎనిమిది నెలలు వెండర్‌కి పోయేది ఏమీ లేదు. నేను ఆ గదిలో కూర్చుని చూశాను, ‘కోత ఎలాగూ పూర్తయింది, మంచి మెకానిక్కుల్ని వేరే సైటుకి పంపించండి’ అని నిర్ణయం తీసుకున్నారు. నాకు అది నచ్చలేదు, అయినా లెక్క ప్రకారం ఎదురు చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. పరిమితి నెలవారీగానో మూడు నెలలకోసారో పెట్టండి, వరసగా ఇన్నిసార్లు తప్పితే కాంట్రాక్ట్ రద్దు చేసే హక్కు ఉంచుకోండి. రిపేరు గడువు విషయంలోనూ ఇంతే, గడువు దాటిన ఐటమ్‌కి ఇక అదనపు కోత లేదంటే అది అరలోనే ఉండిపోతుంది, కొత్తగా వచ్చిన సులువు ఐటమ్‌లు ముందు అయిపోతాయి.

కోతే కాదు, పైకి కూడా దారి ఉండాలి. మాకు బోనస్ డబ్బు కంటే కాంట్రాక్ట్ కాలం పెరగడం ఎక్కువ ఆశ పెడుతుంది, బాగా చేస్తే ఇంకో రెండేళ్లు అని రాసి చూడండి.

కొత్తగా_కాంట్రాక్ట్స్‌లో:

అన్నలూ, చాలా చాలా థాంక్స్. ఆ 600, 560 లెక్క మా సర్‌కి చూపించాను, ఆయన కాసేపు మాట్లాడలేదు. 90 ఎక్కడిదంటే వేరే యూనిట్ కాంట్రాక్టులోంచి తీసుకున్నారట. ఒక్కటి అడుగుతాను. పద్ధతి మొత్తం వెండర్‌కే వదిలేశాక ఇక మనం ఇన్‌స్పెక్షన్ మానేసినట్టేనా? మా స్టాఫ్ అదే అనుకుంటున్నారు.

టెండర్_పాతకాపు:

అస్సలు కాదు, ఈ అపోహే ఎక్కువ నష్టం చేస్తుంది. చూసే వస్తువు మారుతుంది, చూడటం ఆగదు. ఇదివరకు మెకానిక్ ఏం చేస్తున్నాడో చూశారు, ఇప్పుడు ఫలితం కొలుస్తారు. దానికి క్వాలిటీ అష్యూరెన్స్ సర్వైలెన్స్ ప్లాన్ అని విడిగా ఒక పత్రం ఉంటుంది, క్యూఏఎస్‌పీ అంటారు: ఏది, ఎవరు, ఎన్నాళ్లకోసారి, ఎలా కొలవాలి, తేడా వస్తే ఏం చెయ్యాలి. పని వివరం రాసేటప్పుడే దీన్నీ రాయండి. ఒక ఫలితం రాసి, దాన్ని ఎలా కొలుస్తామో క్యూఏఎస్‌పీలో రాయలేకపోయారంటే ఆ ఫలితం సరిగ్గా రాయలేదని అర్థం. డేటా వెండర్ సాఫ్ట్‌వేర్‌లోంచే వస్తుంటే అందులోకి చూసే హక్కు, మన వైపు విడిగా ఒక లాగ్, రెండూ ఉండాలి. కాంట్రాక్ట్ అయ్యాక ఆ డేటా మనకి అప్పగించాలని కూడా రాయండి, లేకపోతే వచ్చే టెండరులో ఆ వెండర్ తప్ప ఇంకెవరూ రేటు చెప్పలేరు.

కొలవకుండా ఇస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ. అమెరికా ఆడిట్ సంస్థ జీఏఓ 2005 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో, రక్షణ శాఖ ఫలితాలతో సంబంధం లేకుండా సుమారు 800 కోట్ల డాలర్ల అవార్డ్ ఫీజులు (పని బాగా చేస్తే వెండర్‌కి ఇచ్చే బోనస్) ఇచ్చిందని తేల్చింది. ఆలస్యమైనవాటికీ, ఖర్చు పెరిగినవాటికీ కూడా ఫీజు వెళ్లింది. బోనస్ క్లాజ్ ఉంది, దాన్ని ఫలితానికి కట్టిన ముడి మాత్రం వదులుగా ఉంది.

ఇంకొకటి, పేరు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది కలిపేస్తారు. పెర్ఫార్మెన్స్ బేస్డ్ పేమెంట్స్ అనేవి వేరు. అవి పని మధ్యలో ఒక్కో మైలురాయి చేరినప్పుడు వెండర్‌కి ముందుగా ఇచ్చే ఫైనాన్సింగ్. రివ్యూలో ఎవరైనా రెండూ ఒకటే అంటే కంగారుపడకండి.

షెడ్‌_ఫ్లోర్_నుంచి:

ఒక్క మాట చేరుస్తాను. కొలతలు ఎక్కువ పెట్టకండి. 15 కేపీఐలు (పనితీరు కొలతలు) పెట్టిన కాంట్రాక్ట్ నేను చూశాను, నెలాఖరున రిపోర్ట్ తయారు చెయ్యడానికే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది, పైగా ఒకదాంట్లో తగ్గింది ఇంకోదాంట్లో పెరిగి సరిపోయేది. మూడో నాలుగో చాలు. మీకైతే అవైలబిలిటీ, రోజువారీ కనీస సంఖ్య, అదే ఫాల్ట్ మళ్లీ రావడం. ఈ మూడోది మర్చిపోవద్దు, లేకపోతే గడువు కోసం పైపైన బిగించి పంపిస్తారు, వారానికి అదే వాహనం మళ్లీ తిరిగొస్తుంది.

కొత్తగా_కాంట్రాక్ట్స్‌లో:

నిన్న రివ్యూ అయింది. 40 పేజీల్లో 9 మిగిలాయి, భద్రత, కాన్ఫిగరేషన్ మాత్రమే ఉంచాం. కాలం ఏడాది నుంచి 5 ఏళ్లకి మార్చమని నోట్ పెట్టాం, ఫైనాన్స్ ఇంకా ఒప్పుకోలేదు. 90 తీసేసి ఖాళీ వదిలాం. ముందు గత 12 నెలల లాగ్‌బుక్కులు తెప్పించి అసలు సంఖ్య ఎంతో చూడమన్నారు, రేపటి నుంచి నేను, ఇంకో ఇద్దరం అదే పనిలో ఉంటాం. గడియారం గురించి విడిగా ఒక అనుబంధం రాస్తున్నాను. మన సంతకం ఆలస్యమైతే ఒక పనిదినం దాటాక ఆ కాలం మన ఖాతాలోకే వెళ్తుందని రాశాను, ఇది సరేనా? డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఆ భాగం ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.