స్విఫ్ట్ కిందికి దించాను, వెనక టైరు ఫెండర్‌కు తగులుతోంది. ఏం చేయాలి?

కాజీపేట_స్విఫ్ట్: లోయరింగ్ స్ప్రింగులతో 40 మి.మీ. దించాను. రిమ్ములు 5.5 ఇంచుల వెడల్పువి తీసేసి 7 ఇంచులవి వేశాను, ఆఫ్‌సెట్ (రిమ్ము నడిగీతకూ, బండికి బిగించే ముఖానికీ మధ్య దూరం) 45 నుంచి 35 మి.మీ.కి వచ్చింది. ఒక్కడినే తిరిగితే ఏ గొడవా లేదు. వెనక ముగ్గురు కూర్చుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా టైరు గర్ర్‌మని గీరుతోంది. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా ముందు టైర్లు లోపలివైపే అరుగుతున్నాయి.

సుబేదారి_07: ఫోటో పెట్టు తమ్మీ.

పరకాల_పానా: సగం తిప్పలు రిమ్ములతోనే. ఇంచున్నర అంటే 38 మి.మీ., అందులో సగం, 19, బయటికి. ఆఫ్‌సెట్ తగ్గడంతో ఇంకో 10. రిమ్ము అంచు 29 మి.మీ. బయటికొచ్చింది, గీరక ఏం చేస్తుంది? ఇక బండి దిగితే ముందు చక్రాల క్యాంబర్ నెగటివ్ వైపు పోతుంది, అంటే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. టో, అంటే చక్రాలు నేరుగా కాక లోపలికో బయటికో చూసే కోణం, అది కూడా కదులుతుంది. టైరును తొందరగా తినేది టోనే. అలైన్‌మెంట్ షాపులో మామూలుగా తిప్పేది అదొక్కటే. క్యాంబర్ సర్దాలంటే విడిగా క్యాంబర్ బోల్టులు వేయించాలి. స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి కూర్చున్నాక మళ్ళీ చూపించు.

హంటర్‌రోడ్_రాజు: ఇన్ని లెక్కలెందుకన్నా? పాత స్ప్రింగులే గ్రైండర్‌తో చుట్టున్నర కోయిస్తే అయిపోయేది. నాది మూడేళ్ళుగా నడుస్తోంది.

మడికొండ_మామ: 1988 మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించిన సెక్షన్ 52 చదువుకొని కోయండి.

పరకాల_పానా: రాజూ, ఒక్కసారి జాకీ వేసి లేపి చూడు. చక్రం వేలాడితే కోసిన స్ప్రింగు తాను కూర్చునే కప్పులో వదులైపోతుంది. ఒక చుట్టు కోసినా అంతే.

హంటర్‌రోడ్_రాజు: ఒక చుట్టు కాదు, చుట్టున్నర అన్నాను. సరిగ్గా చదువు.

పరకాల_పానా: ఎంతైతేనేం! మా బావమరిది బండికి ఒక షెడ్డులో ఇట్లనే కోసి, అలైన్‌మెంట్ అక్కర్లేదని పంపారు. నాలుగు వేల కిలోమీటర్లు తిరగలేదు. బయటినుంచి చూస్తే టైరు గీతలు కొత్తగానే ఉన్నాయి, లోపలి అంచు తడిమితే నా వేలికి టైరులోని ఉక్కు తీగ గుచ్చుకుంది.

హంటర్‌రోడ్_రాజు: మీ బావమరిది కోపం నా మీదెందుకు? దించిన బండంటేనే నీకు పడదు, ఆ మాట చెప్పు.

పరకాల_పానా: పడదు. ఒంటరిగా తిరిగేవాడు నేలకు ఆనించుకున్నా నాకేం. వెనక కూర్చునే ముగ్గురూ ఎవరని ఒక్కరన్నా అడిగారా?

కాజీపేట_స్విఫ్ట్: అమ్మ, అక్క, నానమ్మ. బండి నాన్న పేరు మీద ఉంది. నానమ్మ దిగాలంటే ఇద్దరం చేతులు పట్టుకోవాల్సి వస్తోంది. అది ముందు రాయలేదు.

హంటర్‌రోడ్_రాజు: ముసలోళ్ళ కోసం వయసులో ఉన్నోడు సరదాలన్నీ చంపుకోవాలా?

పరకాల_పానా: సొంత బండి కొనుక్కున్న రోజు తీర్చుకోమను.

కాజీపేట_స్విఫ్ట్: ఇద్దరూ ఆగండన్నా. పాత రిమ్ములు ఇంట్లో మంచం కిందే ఉన్నాయి, ఆదివారం అవి ఎక్కించి టో చూపిస్తాను. స్ప్రింగులు మాత్రం ఇప్పుడే తీయను. నాన్నకు వాటి సంగతి ఇంకా తెలియదు, రోడ్డే బాగాలేదు అనుకుంటున్నాడు.

సుబేదారి_07: ఫోటో ఇంకా రాలేదు.